గోల్స్ ఆమెవి, దారి నిబంధనలది: టెమ్వా చవింగా ప్రయాణం వెనుక లెక్కలు

టెమ్వా చవింగా ఆడిన క్లబ్బుల పేర్లు వరసగా రాసుకుని ప్రపంచ పటం మీద వెతికితే కాస్త తికమక పడతాం. మలావి రాజధాని లిలాంగ్వేలో డీడీ సన్‌షైన్. అక్కడి నుంచి స్వీడన్‌లోని బోర్లెంగె అనే చిన్న పట్టణంలో క్వార్న్స్‌వేడెన్. తర్వాత చైనాలో వూహాన్. ఆ తర్వాత అమెరికాలో కాన్సస్ సిటీ. ఫుట్‌బాల్ అనగానే గుర్తొచ్చే లండన్, మాంచెస్టర్, మాడ్రిడ్, మ్యూనిక్‌లలో ఒక్కటీ ఈ జాబితాలో లేదు.

అలాగని ఆమె అంతంతమాత్రపు క్రీడాకారిణి కాదు. అమెరికా మహిళల లీగ్ ఎన్‌డబ్ల్యూఎస్ఎల్‌లో 2024లో అడుగుపెట్టిన తొలి సీజనులోనే 20 గోల్స్ కొట్టి, 2019లో సామ్ కెర్ నెలకొల్పిన 18 గోల్స్ రికార్డును చెరిపేసింది. లీగ్‌లోని మిగతా 13 జట్లలో ఒక్కదాన్నీ వదలకుండా అన్నింటి మీదా గోల్ చేసింది. అలా చేసినవాళ్లు ఆ లీగ్‌లో అంతకుముందు ఎవరూ లేరు. 2025లో 15 గోల్స్‌తో మళ్లీ ఆమే టాప్ స్కోరర్, మళ్లీ ఆమే లీగ్‌లో అత్యంత విలువైన క్రీడాకారిణి. ఆ అవార్డును వరసగా రెండేళ్లు అందుకున్నది కూడా ఆమె ఒక్కతే.

మరి ఇంతటి స్ట్రైకర్ పాతికేళ్లు నిండేదాకా పెద్ద లీగుల కంట ఎందుకు పడలేదు? దీనికి మనం తరచూ వినే జవాబు ఒకటుంది. పేద దేశం, మట్టి మైదానం, కాళ్లకు బూట్లు లేవు, అయినా పట్టుదల, చివరికి గెలుపు. ఈ కథలో అబద్ధం లేకపోవచ్చు. కానీ ఇది దేన్నీ వివరించదు. నైజీరియాలోని లాగోస్‌లోనూ, జాంబియా రాజధాని లుసాకాలోనూ పేదరికం ఉంది, పట్టుదల ఉన్న అమ్మాయిలూ ఉన్నారు. అయినా వాళ్ల దారులు వేరేలా సాగాయి. నా లెక్కలో ఈ దారులు ఎటు తిరగాలో ఎక్కువగా తేల్చింది కాగితాలే. దేశానికి ఫిఫా ఇచ్చిన ర్యాంకు, వీసా నిబంధనలు, విదేశీయుల కోటా, బదిలీ సొమ్ము పంపకం, జాతీయ సంఘం ఏడాదికి ఎన్ని మ్యాచులు ఆడిస్తుందన్న సంగతి. వీటిని పక్కన పెట్టి ఆఫ్రికా మహిళా ఫుట్‌బాలర్ల గురించి ఎంత రాసినా అది పొగడ్త అవుతుందేగాని విశ్లేషణ కాదు.

ముందు నైజీరియాకు చెందిన అసిసాత్ ఓషోవాలా సంగతి చూద్దాం. లాగోస్ రాష్ట్రంలోని ఇకొరొడు ఆమెది. 2014లో కెనడాలో జరిగిన అండర్-20 ప్రపంచకప్‌లో 7 గోల్స్ చేసి, ఉత్తమ క్రీడాకారిణి, టాప్ స్కోరర్ అవార్డులు రెండూ పట్టుకుపోయింది. ఫైనల్లో నైజీరియా అదనపు సమయంలో జర్మనీ చేతిలో ఓడినా, ఆమెను చూడాల్సినవాళ్లంతా చూసేశారు. 2015 జనవరిలో, ఇరవై ఏళ్ల వయసులో, నేరుగా లివర్‌పూల్ చేరింది. తర్వాత ఆర్సెనల్, చైనాలో దాలియన్, 2019లో బార్సిలోనా. ఆ ఏడాది బుడాపెస్ట్‌లో జరిగిన యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ ఫైనల్లో లియోన్ చేతిలో బార్సిలోనా 4-1 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ ఒక్క గోల్ ఓషోవాలాది. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి, ఆట ముగియబోతుండగా కొట్టింది. మ్యాచ్ ఫలితాన్ని అది అంగుళం కూడా కదపలేదు, కానీ మహిళల చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఒక ఆఫ్రికా క్రీడాకారిణి చేసిన మొదటి గోల్ అదే. తర్వాత 2021లో, 2023లో బార్సిలోనాతో ఆమె ఆ కప్పు గెలుచుకుంది.

ఓషోవాలాకు ప్రతిభతో పాటు రెండు వాకిళ్లు తెరిచి ఉన్నాయి. ఒకటి, నైజీరియా దాదాపు ప్రతి వయసు విభాగంలోనూ ప్రపంచకప్‌లకు వెళ్లే దేశం. సీనియర్ మహిళల ప్రపంచకప్‌ను 1991 నుంచి ఒక్కసారి కూడా తప్పిపోలేదు. అంటే ఒక టీనేజర్‌కు క్లబ్బుల ముందు ఆడి చూపించే వేదిక దానంతటదే దొరుకుతుంది. రెండోది, ఆ దేశం ఫిఫా ర్యాంకు. ఆఫ్రికాలో అగ్రస్థానం చాలాకాలం నైజీరియాదే.

ర్యాంకుకూ వీసాకూ సంబంధం ఏమిటంటారా? ఇంగ్లండ్‌లో విదేశీ క్రీడాకారిణికి పని వీసా రావాలంటే అక్కడి ఫుట్‌బాల్ సంఘం ముందుగా ఆమోదపత్రం ఇవ్వాలి. దానికి పాయింట్ల లెక్క ఉంది. ఆమె దేశం ఫిఫా ర్యాంకు ఎంత, ఆ జట్టు ఆడిన మ్యాచుల్లో ఎన్నింట్లో ఆమె బరిలోకి దిగింది, ఇప్పుడు ఆడుతున్న లీగ్ ఏ స్థాయిది, ఆ క్లబ్బు ఖండస్థాయి పోటీల్లో ఎంతదూరం వెళ్లింది. వీటన్నింటికీ పాయింట్లు వేస్తారు. మధ్యలో కొన్ని సడలింపులు వచ్చినా లెక్క మూలం ఇదే. మలావి మహిళల జట్టు ర్యాంకు చాలాకాలంగా నూటయాభై దరిదాపుల్లో ఉంటోంది. అక్కడి క్రీడాకారిణి తన దేశం తరఫున ప్రతి మ్యాచ్‌లో మూడేసి గోల్స్ కొట్టినా ఆ ర్యాంకు గడిలో ఆమెకు పడే పాయింట్లు సున్నాయే. గోల్స్‌కు గడి లేదు. వినడానికి వింతగా ఉన్నా, స్ట్రైకర్‌ను ఎంచే పద్ధతిలో ఆమె ఎన్ని గోల్స్ చేసిందన్నది ఎక్కడా అడగరు.

ఇంకా చిక్కేమిటంటే ఆ ర్యాంకు మెరుగుపడాలంటే జట్టు మ్యాచులు ఆడాలి. ఆడాలంటే విమాన టిక్కెట్లు, హోటళ్లు, శిబిరాలు, అన్నింటికీ డబ్బు కావాలి. డబ్బు లేని సంఘం మహిళల జట్టును ఏళ్ల తరబడి ఇంట్లోనే కూర్చోబెడుతుంది. 2020లో జరగాల్సిన ఆఫ్రికా మహిళల కప్పు కోవిడ్ వల్ల పూర్తిగా రద్దయింది. 2018 టోర్నీ తర్వాత మళ్లీ 2022 దాకా ఖండస్థాయి టోర్నీయే లేదు. ఆ నాలుగేళ్లలో ఫామ్‌లో ఉన్నవాళ్లకు అది పూడని నష్టం.

ఇక చవింగాల దగ్గరికి వద్దాం. బహువచనం ఎందుకంటే టెమ్వా దారి ఆమె ఒక్కదానిది కాదు. ముందు అక్క టబిత వెళ్లింది. ఇద్దరిదీ ఉత్తర మలావిలోని రుంఫి జిల్లా. మలావి ఏ వయసు విభాగంలోనూ మహిళల ప్రపంచకప్‌కు వెళ్లిన దేశం కాదు, కాబట్టి ఓషోవాలాకు దొరికిన కెనడా వీళ్లకు దొరకలేదు. 2014లో టబిత స్వీడన్‌లో ఒక కింది డివిజను క్లబ్బులో చేరింది. మరుసటి ఏడాది క్వార్న్స్‌వేడెన్‌కు మారి, ఆ జట్టును రెండో డివిజను నుంచి దేశంలోని అగ్ర లీగ్‌కు చేర్చింది. 2017లో ఆ అగ్ర లీగ్‌లోనే టాప్ స్కోరరైంది. అదే ఏడాది క్లబ్బు మాత్రం మళ్లీ కిందికి పడిపోయింది. లీగ్ మొత్తంలో ఎక్కువ గోల్స్ చేసిన మనిషి ఉన్న జట్టు కింది డివిజనుకు జారిందంటే మిగతా పదిమంది పరిస్థితి ఊహించుకోవచ్చు. టెమ్వా అక్కడికి వచ్చింది కూడా ఆ ఏడాదే.

స్వీడనే ఎందుకు? అక్కడ మహిళల ఫుట్‌బాల్‌కు దశాబ్దాల పునాది ఉంది. ఊరికో క్లబ్బు, కింది డివిజన్లలో కూడా ఒకరిద్దరు విదేశీ క్రీడాకారిణులు. జాతీయ జట్టు ర్యాంకు చూసి వీసా తేల్చే లెక్క అక్కడ లేదు. జీతాలు తక్కువ. బోర్లెంగె కాగితపు మిల్లు ఊరు. క్వార్న్స్‌వేడెన్ అన్నది ఆ మిల్లున్న ప్రాంతం పేరే. (మిల్లు 2021లో మూతపడింది.) శీతకాలంలో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడే చోటికి భూమధ్యరేఖ దిగువన ఉన్న మలావి నుంచి పద్దెనిమిదేళ్లకు వచ్చిన అమ్మాయికి ఉన్న ఒకే వెసులుబాటు, అక్క అప్పటికే అక్కడ ఉండటం. వలసల కథలన్నింటిలోనూ ఉండేదే ఇది. ముందు ఒకరు వెళ్లి చోటు చూసుకుంటారు, క్లబ్బుకు ఆ దేశం మీద నమ్మకం కుదురుతుంది, రెండోవారికి తలుపు తట్టే పని తగ్గుతుంది. ప్రతిభను వెతికే స్కౌట్లు రుంఫిదాకా రారు. ఒక చవింగాను చూసినవాళ్లు ఇంకో చవింగా ఉందా అని అడుగుతారు.

తర్వాతి మజిలీ చైనా. యూరప్ పత్రికలు దీన్ని ఆటలో వెనకడుగులా రాస్తాయి. ఆడేవాళ్ల వైపు నుంచి చూస్తే అది పూర్తిగా తెలివైన నిర్ణయం. స్వీడన్ రెండో డివిజను జీతంతో కుటుంబాన్ని పోషించడం కష్టం. చైనా క్లబ్బులు ఒకరిద్దరు విదేశీ స్ట్రైకర్లను తెచ్చుకుని, వాళ్లకు బాగా చెల్లించేవి. ఓషోవాలా ఆర్సెనల్ వదిలి దాలియన్ వెళ్లిందీ, జాంబియా కెప్టెన్ బార్బ్రా బండా స్పెయిన్ నుంచి షాంఘై వెళ్లిందీ ఈ లెక్కతోనే అనుకుంటాను. టబిత 2018లో జియాంగ్సు సునింగ్‌లో చేరింది. ఆ సంస్థ 2021 ఫిబ్రవరిలో ఫుట్‌బాల్ వ్యాపారం నుంచి ఉన్నట్టుండి తప్పుకుంది. అంతకు మూడు నెలల ముందే దాని పురుషుల జట్టు దేశ చాంపియన్! మహిళల జట్టూ దానితో పాటే వీధిన పడింది. టబిత వూహాన్‌కు మారింది. అక్కడ టెమ్వా అప్పటికే ఆడుతోంది.

చైనాకు ఉన్న లోపం జీతంలో కాదు, వెలుగులో. ఆ లీగ్ మ్యాచులు బయటి ప్రపంచంలో చూసేవాళ్లు తక్కువ. 2023లో టెమ్వా క్లబ్బుకూ దేశానికీ కలిపి 63 గోల్స్ చేసింది. ఆ ఏడాది పురుషుల్లో అందరికంటే ముందున్న క్రిస్టియానో రొనాల్డోవి 54. ఇలాంటి అంకె ఇంకెవరిదైనా అయితే యూరప్ క్లబ్బులు వరస కట్టేవి. ఇక్కడ మాత్రం 'ఏ లీగ్‌లో?' అన్న ప్రశ్నతో ఆ అంకెకు సగం విలువ తగ్గించేశారు. టబిత ఈ చిక్కును ఇంకోలా విప్పింది. వూహాన్‌తో ఒప్పందం ఉండగానే అరువు పద్ధతి మీద 2022-23లో ఇంటర్ మిలాన్‌కు ఆడి ఇటలీ లీగ్‌లో 23 గోల్స్‌తో టాప్ స్కోరరైంది. మరుసటి ఏడాది పారిస్ సెయింట్ జెర్మెయిన్, ఆ తర్వాత లియోన్. అక్క యూరప్ వైపు తిరిగితే చెల్లెలు అట్లాంటిక్ దాటింది.

అమెరికా లీగ్ ఎందుకు తలుపు తీసింది? అక్కడ కూడా పరిమితి ఉంది. ఒక్కో జట్టుకు విదేశీయుల కోసం 7 స్థానాలే ఉంటాయి. కానీ ఈ స్థానాలను జట్లు ఒకదానికొకటి అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. అమెరికాలో శాశ్వత నివాస హక్కు వస్తే ఆ క్రీడాకారిణి ఇక ఆ కోటాలో లెక్కకు రాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె దేశం ర్యాంకు ఎంతని లీగ్ అడగదు. ఇంగ్లండ్ పద్ధతి దేశాన్ని తూస్తుంది, అమెరికా పద్ధతి కుర్చీలు లెక్కపెడుతుంది. మలావి, జాంబియా వంటి దేశాలవాళ్లకు ఈ రెండోదే మేలు. 2024లో ఒక్కసారిగా టెమ్వా కాన్సస్ సిటీకి, బండా ఓర్లాండోకు, జాంబియాకే చెందిన రేచల్ కుండనంజి, ఓషోవాలా ఇద్దరూ బే ఎఫ్‌సీకి వెళ్లడం కాకతాళీయమని నేననుకోను. ఆ ఏడాది నవంబరులో సెమీఫైనల్లో ఓర్లాండో 3-2తో కాన్సస్ సిటీని ఓడించింది. ఫైనల్ మాత్రం కాన్సస్ సిటీ సొంత మైదానంలో, మహిళల క్లబ్బు కోసమే కట్టిన స్టేడియంలో జరిగింది. అందులో ఏకైక గోల్ కొట్టి ఓర్లాండోకు కప్పు తెచ్చింది బండా. సరిహద్దు పంచుకునే రెండు దేశాల స్ట్రైకర్లు ఇలా ఎదురెదురు పడటానికి ఓర్లాండో ఉన్న ఫ్లోరిడా దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది ఎవరూ పెద్దగా పట్టించుకోని మూల, నాకు మాత్రం అన్నింటికంటే కోపం తెప్పించేది. పురుషుల ఫుట్‌బాల్‌లో ఒక కుర్రాడు మొదటిసారి ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం చేస్తే, అతన్ని తీర్చిదిద్దిన క్లబ్బులకు శిక్షణ పరిహారం చెల్లించాలని ఫిఫా నిబంధన. అదే నియమావళిలో, ఈ సూత్రం మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదని ఒక వాక్యం ఉంది. కొత్తగా పుట్టే మహిళల క్లబ్బుల మీద భారం పడకూడదన్నది దాని వెనుక ఉద్దేశం. ఆచరణలో భారం పడింది లిలాంగ్వే మీద, లుసాకా మీద.

మిగిలింది 'సంఘీభావ వాటా' ఒక్కటే. బదిలీకి సొమ్ము చెల్లిస్తే అందులో 5 శాతం, ఆటగత్తె 12వ పుట్టినరోజు నుంచి 23వ పుట్టినరోజు దాకా ఆడిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య సీజనుకు 0.25 శాతం, ఆపైన సీజనుకు 0.5 శాతం. బండా కోసం ఓర్లాండో షాంఘైకి చెల్లించింది 7,40,000 డాలర్లు. అందులో 5 శాతమంటే 37,000. ఆ 7,40,000 మొత్తంలో, ఒక క్లబ్బు ఒక అమ్మాయిని 12 నుంచి 15 దాకా నాలుగు సీజన్లు పెంచి ఉంటే దానికి దక్కేది 1 శాతం, అంటే 7,400 డాలర్లు. అది కూడా ఆ నాలుగేళ్లూ ఆమె పేరు సంఘం రికార్డుల్లో నమోదై ఉంటేనే. ఆ వయసులో అబ్బాయిలతో కలిసి ఆడిన అమ్మాయి పేరు ఏ రికార్డులో ఉంటుంది? ఒప్పందం ముగిశాక ఉచితంగా క్లబ్బు మారితే ఆ మాత్రం కూడా రాదు, ఎందుకంటే సున్నాలో 5 శాతం సున్నాయే. మహిళల బదిలీల్లో ఎక్కువ భాగం ఇలాంటివే. అంటే వేలమందిలో ఒకరికి లక్షల డాలర్ల ధర పలికినా, ఆ తర్వాతి అమ్మాయికి బూట్లు కొనడానికి ఆ డబ్బు వెనక్కి వచ్చే కాలువ చాలా సన్నం.

కాగితాల జాబితాలో ఇంకొకటి ఉంది, అది దేహం గురించి. తనకు పదమూడేళ్లప్పుడు ఒక మ్యాచ్‌లో ప్రత్యర్థులు తాను అమ్మాయినని నిరూపించుకోమంటూ మైదానంలోనే బట్టలు విప్పించారని టబిత తర్వాత చెప్పింది. బాగా ఆడటమే ఆమె చేసిన తప్పు. పెద్ద స్థాయిలో అదే అనుమానం నిబంధనల రూపంలో ఎదురవుతుంది. బార్బ్రా బండా 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో వరసగా రెండు మ్యాచుల్లో హ్యాట్రిక్ కొట్టింది. 2022లో ఆఫ్రికా కప్పుకు మాత్రం హార్మోన్ స్థాయిలకు సంబంధించిన అర్హత నిబంధనల కారణంగా జాంబియా ఆమెను పక్కన పెట్టింది. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో ఆమే కెప్టెన్, కోస్టారికా మీద ఆమె చేసిన గోల్ మహిళల ప్రపంచకప్ చరిత్రలో వెయ్యోది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇంకో హ్యాట్రిక్. ఒకే మనిషి, అవే కాళ్లు. ఒక టోర్నీకి అర్హురాలు, ఇంకోదానికి కాదు. ఒక్కో పోటీకి ఒక్కో కొలబద్ద ఉండి, అది కూడా గోప్యంగా ఉంటే జరిగేది ఇదే. పరీక్ష ఫలితాల్లోకి నేను వెళ్లను, అది ఆమె సొంత విషయం. పద్ధతి మీద ప్రశ్న మాత్రం బహిరంగంగానే అడగాలి.

సొంత సంఘాలు కూడా తక్కువ తినలేదు. నైజీరియా మహిళలు 2016లో కామెరూన్‌లో ఆఫ్రికా కప్పు గెలిచి వచ్చాక బోనస్ కోసం అబుజాలో హోటల్ ఖాళీ చేయకుండా బైఠాయించారు, చివరికి పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్లారు. ఖండ విజేతలు! ఆ తర్వాత ఏడాదికి పైగా ఆ జట్టుకు మ్యాచులే లేవు. 2019 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్‌లో మళ్లీ హోటల్లో బైఠాయింపు. 2023 ప్రపంచకప్‌లో ఆడే ప్రతి క్రీడాకారిణికీ కనీసం 30,000 డాలర్లు అందాలని ఫిఫా విడిగా ప్రకటించిందంటే, సంఘాల చేతిలో పెట్టిన డబ్బు అమ్మాయిల చేతికి చేరదన్న అనుమానం ఎంత బలపడిందో తెలుస్తుంది. విదేశీ క్లబ్బు అంటే ఈ క్రీడాకారిణులకు మంచి జీతం మాత్రమే కాదు. నెల తిరిగేసరికి అది అందుతుందన్న భరోసా కూడా.

ఈ ప్రయాణాల పటంలో భారతదేశం కూడా ఒక మజిలీ. ఉగాండాకు చెందిన ఫాజిలా ఇక్వాపుట్ గోకులం కేరళకు గోల్స్ కురిపించింది. 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ పక్కన ఘనాకు చెందిన ఎల్షదాయ్ అచెంపాంగ్ ఆడింది. సౌమ్య అంతకుముందు 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. లండన్, పారిస్ కాకుండా జాగ్రెబ్ ఎందుకన్నదానికి జవాబు కూడా బోర్లెంగె ఎందుకన్న ప్రశ్నకు దొరికే జవాబుకు మరీ దూరంగా ఉండదు. కుండనంజి కూడా జాంబియా నుంచి మొదట వెళ్లింది కజకిస్థాన్‌లోని షిమ్‌కెంట్ నగరానికి. అప్పట్లో అక్కడి క్లబ్బు దేశ చాంపియన్‌గా ఏటా యూరప్ చాంపియన్స్ లీగ్ అర్హత మ్యాచులు ఆడేది, అంటే చూసే కళ్లుండేవి. అక్కడి నుంచి స్పెయిన్, అక్కడి నుంచి 2024లో అప్పటికి మహిళల ఫుట్‌బాల్‌లో ప్రపంచ రికార్డు ధరతో అమెరికా.

ఇక మలావి. 2023లో ఆ జట్టు ఆఫ్రికా దక్షిణ ప్రాంత దేశాల కప్పు కోసఫాను మొదటిసారి గెలిచింది, ఫైనల్లో జాంబియానే ఓడించి. 2025 అక్టోబరులో అంగోలాను దాటి చరిత్రలో తొలిసారి ఆఫ్రికా కప్పుకు అర్హత సాధించింది. ఆ టోర్నీయే 2027 బ్రెజిల్ ప్రపంచకప్‌కు ఆఫ్రికా అర్హత పోటీ. సెమీఫైనల్ చేరే నాలుగు జట్లకు నేరుగా ప్రవేశం. ఆ ప్రపంచకప్ నాటికి టబితకు 31, టెమ్వాకు 28 ఏళ్లుంటాయి. వాళ్ల గోల్స్ వల్ల మలావి ర్యాంకు పైకి వస్తే, ఇంగ్లండ్ వీసా పాయింట్ల లెక్కలో దాని లాభం ఇప్పుడు లిలాంగ్వేలో ఆడుతున్న పదిహేనేళ్ల అమ్మాయిలకు అందుతుంది. చవింగా అక్కాచెల్లెళ్లకు ఇక దానితో పని లేదు.